రెండు వరుసల ప్రాంప్టు

తిరుపతి,
20 జూన్ 1988

మునిలక్ష్మక్కకు,

ఎలా ఉన్నావని అడిగే ఓపిక కూడా ఈరోజు నాకు లేదు. ముందు నా గోడు విను.

నన్ను కంప్యూటరు గదిలోంచి తీసేశారు. ఓపీ చీటీలిచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. చేతికి మెమో ఇచ్చారు. అందులో "తీవ్ర నిర్లక్ష్యం" అని రాసి కింద గీత కూడా గీశారు. నేను ఎమ్మెస్సీ చదివింది జనానికి చీటీలు చింపి ఇవ్వడానికా? అది కూడా పోనీ, పనిలో చిన్నాపెద్దా ఏముంది. చేయని తప్పు చేశానని అనిపించుకోవడమే నాకు గొంతు దిగడం లేదు.

మా ట్రస్టు సంగతి నీకు కొంత తెలుసు. క్షయ రోగులు పూర్తికాలం మాత్రలు మింగేలా చూడటం మా పని. ఎవరికి ఎప్పుడు మందు అయిపోతుందో యంత్రంలో ఉంటుంది. వారం వారం ఆ పేర్లు తీసి, "మందు తీసుకుపొండి" అని కార్డులు వేస్తాం. మండలాలొచ్చినా మా లెక్క పాత తాలూకాలదే. పలమనేరు తాలూకా, పుంగనూరు తాలూకా, ఇలా ఒక్కో తాలూకాకు ఒక్కో ఫైలు.

శ్రీహరికోటలో మీ కంప్యూటర్ల మీద ప్రాంప్టు అంటే ఒక్క డాలరు గుర్తు. ఏం కావాలో కొట్టు అని యంత్రం ఎదురుచూసే చోటు, అంతే. మా దగ్గర అది పెళ్ళిపందిరి. మా పాలనాధికారి దామోదరం గారు మద్రాసులో ఏ ఆఫీసులోనో తెర మీద వాళ్ళ పేరు ధగధగమంటుంటే చూసి వచ్చారు. మనకూ కావాలన్నారు. సిస్టమ్స్ చూసే ధనంజయ వెంటనే చేసిపెట్టాడు. పై వరుసలో ట్రస్టు పేరు వెలుగు పట్టీలో, పక్కన తేదీ. కింది వరుసలో మన పేరు ఇంకొంచెం మెరుస్తూ, చివర డాలరు. మనం ఏ ఆజ్ఞ కొట్టినా ముందు ఆ రెండు వరుసలూ ప్రత్యక్షం కావలసిందే.

పోయిన నెల పాత నకళ్ళు తీసేయమన్నారు. ఫైలు పేరు చివర "ఓల్డ్" అని ఉంటే అది పాతది. పుంగనూరు పాతది తీసేశాను. అదే కమాండును వెనక్కి పిలిచి, పుంగనూరు అన్నచోట పలమనేరు అని దిద్దాను. చివర "ఓల్డ్" ఉంది. అక్కా, ఉంది. రెండుసార్లు చదివాకే మీట నొక్కాను. తీరా చూస్తే పాతది అలాగే ఉంది, అసలు ఫైలు పోయింది. ధనంజయ ఫైళ్ళ నకళ్ళు దాచిన టేపు పెడితే యంత్రం దాన్ని చదవడం లేదు. పలమనేరు తాలూకా మొత్తం పోయింది. ఆ పాత నకలు ఎప్పటిదో, సగం పేర్లు అందులో లేనేలేవు.

దామోదరం గారు అందరి ముందూ నిలబెట్టి, "ఏమ్మా, కండ్లు యాడ పెట్టుకోని కొడతా ఉండావు?" అన్నారు.

"తెర మీద ఓల్డ్ ఉండాది సార్" అన్నాను.

ధనంజయ నవ్వాడు. "మిషను అబద్ధం చెప్పదు పంకజాక్షీ. నువ్వు కొట్టిందే అది చేస్తాది" అన్నాడు.

అబద్ధం చెప్పింది అక్కా. నాకు పిచ్చి పట్టలేదని నువ్వైనా చెప్పు.

నీ
పంకజం


శ్రీహరికోట,
26 జూన్ 1988

పంకజానికి,

నీ ఉత్తరం అందింది. కోపంలో రాసినట్టున్నావు, కాగితానికి రెండుచోట్ల చిల్లులు పడ్డాయి.

నిన్ను నొప్పించాలని కాదు గానీ, ఈ పనిలో నాకు తెలిసింది చెబుతాను. ఇక్కడ మేమంతా రోజూ ఏదో ఒకటి తప్పు కొడతాం. కొట్టినప్పుడు సరిగ్గానే కొట్టామని ప్రమాణం చేస్తాం. తర్వాత చూస్తే తప్పు మన వేళ్ళదే అవుతుంది. మనసులో ఉన్న మాటను కళ్ళు తెర మీద చదువుకుంటాయి. నీకూ అలాగే జరిగిందేమో ఒక్కసారి ఆలోచించు. జరిగి ఉంటే ఒప్పుకుంటూ ఒక ముక్క రాసిస్తే సరిపోతుంది. నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. దామోదరం గారితో పంతానికి పోవద్దు.

ధనంజయ గారి మీద కూడా తొందరపడి మాట అనకు. ఆయన జాగ్రత్త మనిషనీ, పని తెలిసినవాడనీ విన్నాను. టేపు చదవకపోవడం ఎవరికైనా జరుగుతుంది.

అయినా నీ మాట పూర్తిగా కొట్టిపారేయడం లేదు. ప్రాంప్టు ఎలా రాశారో, ఆ వెలుగు పట్టీకి ఏ కోడ్లు వాడారో తెలిస్తే రాయి. కమాండు తెర అంచు దాటిందా లేదా అన్నది కూడా గుర్తు తెచ్చుకో.

పిన్నమ్మను అడిగానని చెప్పు. నాకు ఆగస్టులో సెలవు దొరికేలా ఉంది, చిత్తూరు పోవలసిన పని ఉంది. వీలైతే కలుద్దాం.

ఆశీస్సులతో
మునిలక్ష్మి


తిరుపతి,
3 జూలై 1988

అక్కకు,

"జాగ్రత్త మనిషనీ, పని తెలిసినవాడనీ విన్నాను." ఎవరి దగ్గర విన్నావు? శ్రీహరికోటలో కూర్చున్న నీకు మా ధనంజయ గొప్పతనం ఏ గాలి మోసుకొచ్చింది? వాడికి 'గారు', నాకు నీతిబోధ. బాగుంది.

ఒప్పుకుంటూ రాసివ్వాలా? రాసివ్వను. తప్పు చేసుంటే నీ కాళ్ళ మీద పడి ఏడ్చి ఉండేదాన్ని. ఇంకెప్పుడూ నాకు ఆ సలహా ఇవ్వకు.

ఈ వారం ఏం జరిగిందో విను. నా కిటికీ దగ్గరికి గంగులమ్మ అని ఒకామె వచ్చింది. పలమనేరు అవతల గుండ్లపల్లె. కూలి పని. చీటీ రాసేలోపు దగ్గు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కొంగు తీసినప్పుడు నెత్తురు చూశాను. లోపల నర్సు సుబ్బులమ్మ ఆమెను గట్టిగా కేకలేసింది. "మాత్రలు ఎందుకు మానేసినావు? సచ్చిపోవాలని ఉండాదా?"

గంగులమ్మ నిదానంగా చెప్పింది. "కార్డు రాలా గదమ్మా. ముందు నెలనెలా వచ్చేది. ఇంక రాలేదంటే నాకు బాగైపొయ్యిందేమో, మాత్రలు అక్కర్లేదేమో అనుకుంటి."

అక్కా, ఆ కార్డు నేను పంపవలసిన కార్డు. పోయిన ఫైలులో ఉండవలసిన పేరు. పలమనేరు ఉపకేంద్రంలో కాగితపు కార్డులున్నాయి, తెప్పిస్తే మళ్ళీ ఎక్కించుకోవచ్చని మొదటిరోజే చెప్పాను. "నువ్వు చేసిన నిర్వాకం చాలు" అన్నారు. ఇంతవరకూ జీపు పంపలేదు. నన్ను తిట్టడంలో ఉన్న చురుకు కార్డులు తెప్పించడంలో లేదు. ఆ తాలూకాలో ఇంకా ఎంతమంది మాకు నయమైపోయిందనుకుని మాత్రలు మానేశారో!

నువ్వు అడిగినవి. ఫైలు ఉండే చోటు దారంతా కొట్టాలి కాబట్టి కమాండు పొడుగే, తెర అంచు దాటింది. ప్రాంప్టు రాసిన వరుసను ఈ ఉత్తరం వెనక ఉన్నదున్నట్టు ఎక్కించాను. నర్సు పనితో పాటు నా చోట్లో టైపు కూడా ఇప్పుడు సుబ్బులమ్మే చేస్తోంది. నిన్న చీటీల కట్ట కోసం లోపలికి పోయినప్పుడు ఆమె నన్ను రహస్యంగా పిలిచింది.

"ఇది సూడుమే. పొడుగ్గా కొడితే కింది వరసకు పోకుండా మళ్ళా అదే వరస మీదికి ఎక్కతా ఉండాది. ముందు కొట్టినవన్నీ కనపడకుండా పోతాయి. ధనంజయ సారును అడిగితే ఈ టెర్మినలు పాతదైపోయింది, ఎంటర్ కొట్టి మళ్ళీ మొదలుపెట్టు అంటాడు."

మూడు టెర్మినళ్ళలోనూ అంతే. మూడూ ఒకేసారి పాతవైపోయాయా?

ఇది చదివాక కూడా నా వేళ్ళదే తప్పంటే ఇంక నాకు ఉత్తరం రాయొద్దు.

పంకజాక్షి


శ్రీహరికోట,
13 జూలై 1988

పంకజా,

నీకు పిచ్చి పట్టలేదు. నీ వేళ్ళదీ కళ్ళదీ తప్పు కాదు. నిన్ను అనుమానించినందుకు నన్ను ఏమన్నా పడతాను.

నువ్వు ఎక్కించి పంపిన వరుసను ఇక్కడి యంత్రంలో పెట్టి చూశాను. మొదట చిన్న కమాండు కొట్టాను, ఏమీ కాలేదు. పొడుగ్గా కొట్టాను. అంచుకు వచ్చేసరికి అక్షరాలు కిందికి దిగకుండా అదే వరుస మీద పడ్డాయి. తర్వాత నువ్వు చేసినట్టే పాత కమాండును వెనక్కి పిలిచి దిద్దాను. చివర "ఓల్డ్" తెర మీద చక్కగా నిలబడి ఉంది. మీట నొక్కాను. ఓల్డ్ లేని ఫైలు పోయింది. పక్క సీటు ఆయనను పిలిచి మళ్ళీ చేసి చూపించాను. ఆయన కూడా ఓల్డ్ ఉందనే చదివాడు.

సంగతి ఇదీ. మనం కొట్టే ఆజ్ఞలను అందుకునే ప్రోగ్రామును షెల్ అంటారు, అది ముందుగా ప్రాంప్టుకు ఎంత చోటు పట్టిందో లెక్కేసుకుంటుంది. మనం కొట్టేది ఎక్కడ మొదలైంది, వరుస ఎక్కడ తిరగాలి అన్నవి ఆ లెక్క నుంచే తీస్తుంది. మీ ప్రాంప్టులో అక్షరాలను వెలిగించే కోడ్లు ఉన్నాయి. అవి తెర మీద కనబడవు, చోటు తినవు. షెల్ మాత్రం వాటిని కూడా అక్షరాలే అనుకుని లెక్కలో కలుపుతుంది. పైగా రెండు వరుసల ప్రాంప్టును విడదీసి చూడటం దానికి రాదు, మొత్తం ఒకే పొడుగు వరుస అనుకుంటుంది. దాంతో కర్సరు ఒకచోట ఉందని అది అనుకుంటుంది, తెర మీద అది ఇంకోచోట ఉంటుంది. మనం దిద్దితే మార్పు ఒకచోట జరుగుతుంది, తెర మీద చెరిగేది వేరేచోట. లోపల "ఓల్డ్" చెరిగిపోయినా తెర మీద దాని బొమ్మ మిగిలిపోయింది. నువ్వు చదివింది ఆ బొమ్మను.

దిద్దుబాటు చాలా తేలిక. అందుకే ఇంకా కోపం వస్తోంది. ట్రస్టు పేరూ తేదీ ఉన్న పై వరుసను ప్రాంప్టులోంచి తీసేయాలి. అంత ముచ్చటగా ఉంటే యంత్రంలోకి అడుగుపెట్టగానే ఒకసారి విడిగా ముద్రించుకుంటే చాలు. ప్రాంప్టుగా మాత్రం ఒకే వరుస ఉండాలి, అందులో ఏ వెలుగు కోడూ ఉండకూడదు. అలా పెట్టి చూశాను. ఎంత పొడుగు కొట్టినా ఎన్నిసార్లు దిద్దినా తెర మీద ఉన్నదే లోపలా ఉంది.

ఒక అధికారికి పేరు మెరవాలని ముచ్చట, దాన్ని చేసినవాడికి ఒక్క పొడుగు కమాండు కొట్టి చూసే తీరిక లేదు. దానికి గంగులమ్మ నెత్తురు కక్కుకోవాలి.

ఇప్పుడు, ఎవరి దగ్గర విన్నావని నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు. ధనంజయ సంబంధం నాకు చూస్తున్నారు. ఏప్రిల్‌లో చిత్తూరులో మా ఇంటికి ఒకసారి వచ్చి చూసిపోయారు. ఖాయమయ్యేదాకా ఎవరికీ చెప్పవద్దని అమ్మ అంది. నాకూ మనిషి నెమ్మదస్తుడిగానే కనిపించాడు. నీకు దాచడం నాకు ఇష్టం లేకపోయినా దాచాను.

అందుకే ఈ దిద్దుబాటంతా నిన్ననే అతనికి వివరంగా రాశాను. ఫైలు పోవడానికి కారణం ప్రాంప్టేనని తేటతెల్లంగా రాశాను. తెలిశాక తనే వెళ్ళి మెమో వెనక్కి తీయిస్తాడు. చదువుకున్నవాడు, ఆమాత్రం చేయకుండా ఉండడు.

మునిలక్ష్మక్క


తిరుపతి,
30 జూలై 1988

అక్కా,

మీ నెమ్మదస్తుడు ఏం చేశాడో చెబుతాను, కూర్చుని చదువు.

పోయిన సోమవారానికి ప్రాంప్టు మారిపోయింది. లాగిన్ కాగానే పైన ఒకసారి ట్రస్టు పేరు వస్తుంది. ఆ తర్వాత ఒట్టి పేరూ డాలరూ, ఒక్క వరుస. నువ్వు చెప్పింది చెప్పినట్టు. ఇంక అక్షరాలు ఎక్కడం లేదు. సుబ్బులమ్మ కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "బాగైపోయిందిమే! సారు ఏందో చేసినాడు" అంది. నేను పిచ్చిదానిలా సంతోషించాను. మధ్యాహ్నానికి పిలుస్తారనుకున్నాను. సాయంత్రం వరకు చూశాను.

పిలవలేదు. నోటీసుబోర్డు మీద దామోదరం గారి సర్క్యులరు పడింది. "ఆపరేటర్ల అజాగ్రత్త వల్ల ఇటీవల కలిగిన నష్టం పునరావృతం కాకుండా శ్రీ ధనంజయ స్వయంగా కృషి చేసి కొత్త ఏర్పాటు చేశారు. వారిని అభినందిస్తున్నాము." చదివావా? ఆపరేటర్ల అజాగ్రత్త! స్వయంగా కృషి!

నేరుగా అతని గదికి పోయాను.

"ప్రాంప్టు ఎందుకు మార్చినారు సార్?"

"ఊరికే. చూడడానికి శుభ్రంగా ఉంటాదని."

"పలమనేరు ఫైలు దాని వల్లనే గదా పోయింది?"

"ఎవురు చెప్పినారు నీకు?" అని తలెత్తి చూశాడు. ఆ చూపులో భయం కనిపించింది. నీ పేరు నా నోటి చివరిదాకా వచ్చింది, మింగేశాను. "పాత సంగతులు తవ్వద్దు పంకజాక్షీ. కిటికీ పని తేలికే గదా. ఆడనే ఉండు" అన్నాడు.

నిన్ను కూడా అంటాను, ఏమనుకోకు. నా తరఫున ఉన్న ఒకే ఒక్క మాటను తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టావు. వాడు దాన్ని వాడుకున్నాడు. ఇప్పుడు నేను వెళ్ళి ప్రాంప్టు చెడ్డది అంటే, ఏదమ్మా, బాగానే ఉందిగా అంటారు. ముందు నా చేతికి ఇచ్చి ఉంటే అందరి కళ్ళముందూ చేసి చూపించేదాన్ని. చదువుకున్నవాడు, ఆమాత్రం చేయకుండా ఉండడు అని రాశావు. వాడు చదువుకున్నాడు కాబట్టే ఇంత శుభ్రంగా చేశాడు.

రాజీనామా రాసి పెట్టుకున్నాను. ఇంకా ఇవ్వలేదు. అమ్మకు చెప్పలేదు.

గంగులమ్మ ఆడవాళ్ళ వార్డులో ఉంది. కిటికీ పని అయ్యాక వెళ్ళి పక్కన కూర్చుంటున్నాను. తన పేరున్న ఫైలు పోగొట్టింది నేనేనని అందరూ అంటున్నారని ఆమెకు తెలియదు. తెలిస్తే నాతో మాట్లాడుతుందా?

పంకజం


చిత్తూరు,
10 ఆగస్టు 1988

పంకజా,

రాజీనామా చింపెయ్యి. ముందు ఆ పని చేసి తర్వాత ఈ ఉత్తరం చదువు.

సెలవు మీద ఇంటికి వచ్చాను. నిన్న ధనంజయ వాళ్ళు మాట ఖాయం చేసుకోవడానికి వచ్చారు. వాళ్ళమ్మ, మేనమామ, అతను. అమ్మ పూలూ పండ్లూ సిద్ధం చేసి పెట్టింది. నీ ఉత్తరం నా దగ్గరే ఉంది. కాఫీలు ఇచ్చి, లోపలికి పోకుండా నాయన పక్కనే కూర్చున్నాను.

"నేను రాసింది మీకు అందింది గదా" అని అడిగాను.

"అందింది. చాలా ఉపయోగపడింది" అని నవ్వాడు.

"మరి మా పంకజాక్షి మెమో వెనక్కి తీయించినారా?"

నవ్వు ఆగింది. "పెద్దవాళ్ళు కూర్చోని ఉండారు. ఆఫీసు మాటలు ఇప్పుడెందుకండీ."

"ఇప్పుడే కావాల. తీయించినారా లేదా?"

వాళ్ళమ్మ ఏదో అనబోయింది. అతను చేత్తో ఆపి, నాకు అర్థమయ్యేలా చెప్పాలన్నట్టు గొంతు తగ్గించాడు. "సూడండి. ఆ యమ్మాయి టెంపరరీ. ఈ యేడు కాకపోతే వచ్చే యేడు పెండ్లి చేసుకోని పోతాది. మెమో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నాకట్లా కాదు. ప్రమోషను లిస్టులో ఉండాను. తప్పు నాదంటే అంతా పోతాది. మన ఇద్దరి బాగు కోసరమే నేను గమ్మునున్నాను."

మన ఇద్దరి బాగు! నాకు తెలియకుండానే ఆ పాపంలో నాకు సగం వాటా పెట్టేశాడు.

"నా బాగు కోసరం మా చెల్లెలి మీద నింద ఉంచమని నేను అడగలేదు. గంగులమ్మ అనే ఆమె మీ ఆసుపత్రిలోనే నెత్తురు కక్కతా ఉండాది. ఒకసారన్నా పోయి చూసినారా? పోనీ పలమనేరుకు జీపు పంపమని ఒక్క మాట అన్నారా?" అన్నాను.

"అది నా డిపార్ట్‌మెంటు కాదు" అన్నాడు.

మేనమామ లేచి, "ఇదేందప్పా, పిల్లను సూడ్డానికి వస్తే కోర్టులో నిలబెట్టినట్టుండాది" అని నాయన వైపు చూశాడు. నాయన కోపం వస్తే అరిచే మనిషి, నీకు తెలుసు. నిన్న అరవలేదు. "మా బిడ్డ అడిగినదానికి జవాబు రాలేదప్పా. అది వచ్చినాక మిగతాది మాట్లాడుకుందాం" అన్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. అమ్మ నాతో మాట్లాడటం లేదు. పండ్లు పక్కింటి పిల్లలకు పంచేశాను.

బాధ లేదని అబద్ధం చెప్పను. నాలుగు నెలలుగా మనసులో ఏవేవో అనుకున్నాను. అవన్నీ పోయాయి. పోవలసినవే.

ఇప్పుడు నీ పని. నువ్వు సూటిగా మీ పెద్ద డాక్టరు వసంతమ్మ గారి దగ్గరికి పో. నేనూ తోడు వద్దామనుకున్నాను, మానుకున్నాను. నేను వస్తే అక్క వచ్చి కాపాడిందంటారు. ఈ నింద నీది, నీ చేత్తోనే తుడవాలి. మాటలు చెప్పకు, చేసి చూపించు. పాత ప్రాంప్టు వరుస నీ దగ్గర ఉంది కదా, అది నీ ఒక్క లాగిన్‌లో పెట్టుకుంటే మిగతావాళ్ళ పనికేమీ కాదు. రోగుల ఫైళ్ళ దరిదాపులకు పోవద్దు, ఖాళీ చోట్లో రెండు ఉత్తుత్తి ఫైళ్ళు చేసుకో. నువ్వు కొట్టొద్దు, వాళ్ళచేత కొట్టించు. నువ్వు కొడితే మళ్ళీ నీ వేళ్ళదే తప్పంటారు.

నీ
అక్క


తిరుపతి,
29 ఆగస్టు 1988

అక్కకు,

రాజీనామా చింపేశాను. తర్వాత జరిగింది రాస్తున్నాను.

వసంతమ్మ గారు మొదట రెండుసార్లు తర్వాత రమ్మన్నారు. మూడోసారి రౌండ్సుకు పోతుంటే వార్డు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. "మేడం, గంగులమ్మ ఈడ పడుకోని ఉండేదానికి కారణం చూపిస్తాను, కంప్యూటరు గదికి రండి" అన్నాను. ఆమెకు కోపం వచ్చింది, అయినా వచ్చారు. దామోదరం గారినీ ధనంజయనూ పిలిపించారు.

పాత ప్రాంప్టు పెట్టాను. వెలుగు పట్టీ కనబడగానే ధనంజయ ముఖం మాడిపోయింది. డాక్టరమ్మ పేరుతోనే "వసంత" అని ఒక ఫైలు, "వసంత ఓల్డ్" అని ఇంకొకటి చేశాను. "జరుగు, నేను కొడతా" అని ఆమే కూర్చున్నారు. ఒక్క వేలితో, నేను చెప్పినట్టు, పొడుగు కమాండు వెనక్కి పిలిచి దిద్దారు.

"కడాన ఓల్డ్ ఉండాదా లేదా, అందురూ చదవండి" అన్నారు.

"ఉండాది మేడం" అంది సుబ్బులమ్మ.

"నిక్షేపంగా ఉండాదమ్మా" అన్నారు దామోదరం గారు.

మీట నొక్కారు. ఏయే ఫైళ్ళున్నాయో చూపించాను. "వసంత ఓల్డ్" ఉంది. "వసంత" లేదు.

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి తిప్పి, "నేను కండ్లు యాడ పెట్టుకోని కొట్టినాను దామోదరం?" అని అడిగారు. నన్నన్న మాట ఆమె దాకా ఎప్పుడు పోయిందో ఏమో! ఆయన చెమట తుడుచుకుంటూ, "నేను పేరు మెరవాలన్నానే గానీ, ఇట్లైతాదని నాకేం తెలుసు" అన్నారు.

"ఇది ఈ యూనిక్స్ మిషన్లు వాడేవాళ్ళందరికీ తెలిసిన లోపమే మేడం. అందుకే పోయిన నెల మార్చేసినాను" అని ధనంజయ అందుకున్నాడు.

"తెలిసుంటే ఆ పొద్దే చెప్పాల్సింది గదప్పా. చెప్పకుండా మార్చి, దానికి అభినందన కూడా తీసుకుంటివే!" అన్నారు ఆమె.

మర్నాడు మెమో రద్దు చేస్తూ కాగితం ఇచ్చారు. అందులో "సాంకేతిక కారణాల వల్ల" అని ఉంది, అంతే. తప్పు ఎవరిదో లేదు, నాది కాదని కూడా లేదు. తిరిగి ఇచ్చేశాను. "నన్ను తిట్టింది అందరి ముందర, రద్దు చేసేది కవరులోనా మేడం?" అన్నాను. డాక్టరమ్మ కాగితం తిరగరాయించి, అందరినీ పిలిచి తనే చదివారు. "పంకజాక్షి తప్పు ఏమీ లేదు" అన్న వాక్యం దగ్గర దామోదరం గారు దగ్గారు. ధనంజయ సెలవు పెట్టి రాలేదు. ప్రమోషను లిస్టులో అతని పేరు ఇంకా ఉందట. ఉండనీ. నాకు కోపం పూర్తిగా పోలేదు, పోవాలని కూడా అనుకోవడం లేదు.

ఆ సాయంత్రమే జీపు అడిగాను. ఇచ్చారు. నేనూ సుబ్బులమ్మా పలమనేరు పోయి ఉపకేంద్రంలోని కార్డులన్నీ తెచ్చాం, మళ్ళీ ఎక్కించాం. కార్డు రాక మందు మానేసినవాళ్ళ ఊళ్ళు తిరుగుతున్నాం. కొందరు దొరికారు. ఇద్దరు బెంగుళూరు పనికి పోయారట, అడ్రసు లేదు. ఒక ముసలాయన ఇంటి ముందు జీపు దిగేసరికి ఆయన పోయి పది రోజులైందని చెప్పారు. క్షయతోనే పోయాడో లేదో తెలియదు. సుబ్బులమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

గంగులమ్మ కొంచెం తేరుకుంది. మందులిచ్చి ఇంటికి పొమ్మన్నారు. మేము పోయే దారే కాబట్టి నిన్న జీపులో ఎక్కించుకుని గుండ్లపల్లెలో దించాం. దిగే ముందు ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. "గంగులమ్మా, నీకు నయమై కార్డు ఆగిపోలేదు. మా యంత్రంలో నీ పేరు పోయింది. తప్పు మాది."

ఆమె కోప్పడుతుందని తల వంచుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మీ తప్పా? నిజంగానా తల్లీ? మా ఊర్లో అందురూ నన్నే తిట్టినారు. పొగరెక్కి మాత్రలు మానేసింది, దీనికి ఈ గతి కావాల్సిందే అన్నారు. మా ఆయన కూడా అన్నాడు. రా, ఆ మాట వాళ్ళకు చెప్పిపో."

ఇంజను ఆపించి నేనూ దిగాను అక్కా. ఆమె నన్ను వీధి మధ్యకు తీసుకుపోయి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. వాళ్ళంతా వచ్చి నిలబడేదాకా ఆగి, గట్టిగా చెప్పాను.

పంకజం